హంపి రథవీధుల్లో సైకిల్ మీద

హంపిని ఆటోలో ఒక్క పూటలో చుట్టేసి వచ్చి "అన్నీ శిథిలాలే" అనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. అక్కడ పెద్ద గుళ్ల ముందు, రెండు పక్కలా రాతి మండపాలు బారులు తీరిన వెడల్పాటి వీధులుంటాయి. విరూపాక్షుడికి, కృష్ణుడికి, అచ్యుతరాయ ఆలయానికి, విఠలుడికి ఎవరి వీధి వాళ్లదే. రథం లాగిందీ అక్కడే, అంగళ్లు పెట్టిందీ అక్కడే. ఊరిని ఉత్సవాల కోసమే కట్టారా అనిపిస్తుంది. నెమ్మదిగా సైకిల్ తొక్కుతూ ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్తేనే ఆ సంగతి మనసుకెక్కుతుంది.

నన్నడిగితే మొదటి రోజు మహానవమి దిబ్బకే ఇవ్వండి. రాజులు నవరాత్రి వేడుకలు చూసిన ఎత్తైన రాతి వేదిక అది. చాలామంది పైకెక్కి ఫొటో దిగి వచ్చేస్తారు. అసలు విశేషమంతా కింది అంతస్తు చుట్టూ ఉన్న రాతి పట్టీల్లో ఉంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే వేళ దగ్గరగా కూర్చుని చూడండి: గుర్రాలను నడిపించుకొస్తున్న విదేశీ వర్తకులు, ఏనుగుల వరుసలు, కోలాటమాడే ఆడవాళ్లు, వసంతోత్సవంలో రంగునీళ్లు చిమ్ముకుంటున్నవాళ్లు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ ఇక్కడి నవరాత్రుల గురించి వివరంగా రాశాడు. నాట్యాలు, కుస్తీలు, బాణసంచా అన్నీ అందులో ఉన్నాయి. అది చదివి వెళ్తే ఆ రాళ్లకి ప్రాణం వస్తుంది.

కృష్ణాలయం మనకి ఇంకా దగ్గరిది. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిని గెలిచాక రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తెచ్చి దీన్ని కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

సైకిళ్లు హంపి బజారు దగ్గర అద్దెకి దొరుకుతాయి. ఎక్కువ భాగం గేర్లు లేనివే. బ్రేకులు, సీటు ఎత్తు అక్కడే చూసుకోండి, పంక్చరైతే ఎవరికి ఫోన్ చేయాలో అడగండి. ఒకచోట నాకిచ్చిన సైకిల్‌కి వెనక బ్రేకు పేరుకే ఉంది, మార్చమంటే చాలాసేపు సణిగారు. బజారు నుంచి కృష్ణాలయం వైపు ఎక్కే మిట్ట దగ్గర దిగి నడిపించుకెళ్లడమే సుఖం. తుంగభద్ర నది ఒడ్డు వెంట విఠలాలయానికి వెళ్లే దారి రాళ్లూ మెట్లూ కాబట్టి సైకిల్‌కి పనికిరాదు. పక్క ఊరు కమలాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. గుడికి కొంత దూరంలోనే వాహనాలు ఆపేస్తారు, అక్కణ్ణుంచి బ్యాటరీ బండి ఉంటుంది. నేనైతే నడవమంటాను, ఎందుకంటే ఆ దారే విఠలుడి రథవీధి. విఠలాలయం, లోటస్ మహల్ ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడింటికీ ఒకే టికెట్, అదీ ఆ రోజుకే. కాబట్టి మూడూ ఒకే రోజు పెట్టుకోండి.

బస విషయానికొస్తే, హోస్పేటలో హోటళ్లు బాగుంటాయి, రైలు స్టేషనూ అక్కడే. కానీ రోజూ పదమూడు కిలోమీటర్ల దూరం, లారీల రోడ్డు. సైకిల్ యాత్రకి అది వద్దు. విరూపాక్షాలయం పక్కనున్న హోమ్‌స్టేలలో గదులు చిన్నవే అయినా పొద్దున్నే గుడి గంటలకి లేవొచ్చు. ప్రశాంతత కావాలంటే నది అవతల ఆనెగొంది. పాత కోట ఊరు, హనుమంతుడు పుట్టాడని చెప్పే అంజనాద్రి కొండ దగ్గరే, నది మధ్య దీవిలో తొమ్మిదిమంది మధ్వ యతుల సమాధులున్న నవబృందావనానికి పడవలూ అక్కణ్ణుంచే. అయితే డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే పడవలు ఆపేస్తారు. వానాకాలంలో మీరు చూడాల్సినవి ఏ ఒడ్డున ఎక్కువున్నాయో ఆ ఒడ్డునే దిగండి.

పండగకి వెళ్లేవాళ్లు చైత్రంలో జరిగే విరూపాక్షుడి రథోత్సవానికి రెండు రోజులు ముందే చేరాలి. ఆ రోజు జనంలో సైకిల్ కదలదు, గదులూ దొరకవు. ముందు రోజుల్లో తీరిగ్గా తిరిగి, రథం రోజు సైకిల్ అప్పగించేసి కాలినడకన వెళ్లండి. ఎండ పడనివాళ్లకి మార్గశిరం ప్రాంతంలో వచ్చే ఫలపూజ మేలు. పంపాదేవికి విరూపాక్షుడితో నిశ్చితార్థం అది, తెప్పోత్సవం కూడా ఉంటుంది. ప్రభుత్వం జరిపే హంపి ఉత్సవం తేదీలు ఏటా మారుతుంటాయి, ప్రకటించాకే రైలు టికెట్లు తీసుకోండి.