కొన్న సినిమా డిస్కులను హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోవడం: ఆరేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలోని మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, మేడ మీద ఆరేసిన బట్టలకు కూడా ఉప్పు జిగురు అంటుకుంటుంది. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయించకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. అలాంటి ఇంట్లో, 2003 నుంచి కొంటూ వచ్చిన సినిమా సీడీలు, డీవీడీలు హాలులోని చెక్క బీరువాలో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీద విరుచుకుపడినప్పుడు హాలు కిటికీ అద్దాలు పగిలి, వాన నీళ్లు బీరువా కింది అరలోకి చేరాయి. కరెంటు లేని ఆ రోజుల్లో డిస్కుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చి తీసి చూసేసరికి, పెట్టెల్లోని అట్టలు ఉబ్బి డిస్కులకు అతుక్కుపోయి ఉన్నాయి. ఆ రోజు పారేసినవాటిలో కొన్ని మళ్లీ బజారులో దొరకలేదు.

మిగిలినవాటినైనా కాపాడుకోవాలని 2019లో పని మొదలుపెట్టాను. వీసీడీల్లో, అంటే సినిమా సీడీల్లో, ఎనభై సినిమాలు, డీవీడీలు నూట నలభై, బ్లూరేలు పదకొండు, అన్నీ డబ్బు పెట్టి కొన్నవే. యూఎస్‌బీకి తగిలించే సన్నని డీవీడీ డ్రైవు, పాత ల్యాప్‌టాప్, 2 టీబీ హార్డ్ డిస్కు, డిస్కును ఫైలుగా తీసే మేక్‌ఎంకేవీ, ఫైలును కుదించే హ్యాండ్‌బ్రేక్ అనే రెండు సాఫ్ట్‌వేర్లు, ఇవే నా పనిముట్లు. ఈ పనికి పూనుకోవడం నూటికి నూరుపాళ్లు సరైనదే. అయితే సాఫ్ట్‌వేరు చేసే పని ఇందులో చాలా చిన్న భాగమని, డిస్కు శుభ్రం చేయడానికి, ఎక్కించిన ఫైలును సరిచూడడానికి పట్టే ఓపికే అసలు ఖర్చని తెలిసి మొదలుపెట్టాలి.

చట్టం గురించి ముందే చెప్పడం అవసరం. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను సొంత వాడకం కోసం న్యాయమైన మేరకు చేసుకునే పనిని ఉల్లంఘనగా లెక్కించదు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో కాపీ కాకుండా డిస్కుకు వేసిన సాంకేతిక తాళాన్ని ఛేదించడాన్ని శిక్షార్హం చేసింది. అందుకే నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. అసలు డిస్కు నా బీరువాలో ఉన్న సినిమాకే ఫైలు ఉండాలి, ఆ ఫైలు బయటి వారి చేతికి వెళ్లకూడదు. అడిగిన స్నేహితులను ఇంటికి పిలిచి చూపించానే గాని, పెన్ డ్రైవులో వేసి ఇవ్వలేదు. ఆ సినిమాల వెనుక వందలమంది కష్టం ఉందని నమ్మి చెబుతున్న మాట ఇది.

డీవీడీల విషయంలో మేక్‌ఎంకేవీ నాకు అన్నివిధాలా నచ్చింది. డిస్కు మీది బొమ్మనూ శబ్దాన్నీ అది కుదించదు, మార్చదు. డీవీడీలో వాడే ఎంపెగ్-2 రూపంలో ఉన్నది ఉన్నట్టుగా తీసి ఎంకేవీ అనే రకం వీడియో ఫైలు ఒక్కదానిలో పెడుతుంది. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ దాకా పడుతుంది, సినిమా ఒక్కటే 5 నుంచి 7 జీబీ వరకు ఉంటుంది. నా డ్రైవులో ఒక్కో డిస్కుకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టింది. ఏ భాష శబ్దం కావాలో, ఏ సబ్‌టైటిళ్లు ఉంచుకోవాలో ముందే ఎంచుకోవచ్చు. అధ్యాయాల గుర్తులు కూడా ఫైలులోకి వస్తాయి కనుక, పాట నుంచి పాటకు దూకడం డిస్కులో ఎలా కుదిరేదో ఇక్కడా అలాగే కుదురుతుంది. పోయేది మెనూ ఒక్కటే. బ్లూరేలకు వేరే డ్రైవు కొనవలసి వచ్చింది, ఒక్కో సినిమా 30 జీబీ వరకు తిన్నది. ఆ పదకొండూ ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కాయి కనుక వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

హ్యాండ్‌బ్రేక్‌తో నా అనుభవం వేరు. తప్పు దానిది కాదు, నేను దాన్ని వాడిన పద్ధతిది. మొదటి ఏడాది చోటు కలిసివస్తుందని ప్రతి డీవీడీనీ హెచ్.264 అనే కుదింపు పద్ధతిలోకి మార్చాను. 6 జీబీ సినిమా ఒకటిన్నర జీబీకి దిగేది. ల్యాప్‌టాప్ తెరపై చూసినంతకాలం తేడా కనబడలేదు. 2020లో 43 అంగుళాల టీవీ కొన్నాక కనబడింది. నలుపు తెలుపు పౌరాణికాల్లో ఆకాశం మెట్లుమెట్లుగా చీలి కనిపించేది. ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి ఇసుకలాంటి రేణువులు చెరిగిపోయి, ముఖాలు మైనం పూసినట్టు అయిపోయాయి. పాటల్లో చేతులు వేగంగా కదిలినచోట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు వచ్చాయి. మన డీవీడీల్లో చాలావాటిలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, ఒకదాని తర్వాత ఒకటిగా నమోదై ఉంటుంది. ఆ సగాలను సరిగా కలిపే ఫిల్టరు పెట్టకుండా కుదిస్తే ఆ గీతలు ఫైలులో శాశ్వతంగా మిగిలిపోతాయి. నేను పెట్టలేదు. దాదాపు యాభై సినిమాలను మళ్లీ మొదటి నుంచి ఎక్కించవలసి వచ్చింది. చోటు చవక, పోయిన నాణ్యత తిరిగి రాదు. నా నూట నలభై డీవీడీలు కుదించకుండానే ఒక టీబీ లోపే సరిపోయాయి. కనుక కుదింపు జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

పాత తెలుగు డీవీడీల్లో మరో చిక్కు ఉంది. వెడల్పు తెర కోసం తీసిన స్కోపు సినిమాను పాత టీవీల 4:3 చట్రంలో, పైనా కిందా నల్లపట్టీలతో కలిపి అచ్చువేసినవి ఎక్కువ. డీవీడీ బొమ్మలో ఉండే 576 అడ్డగీతల్లో అసలు బొమ్మకు దక్కేవి 330 లోపే. వెడల్పు టీవీలో నాలుగు వైపులా నలుపు, మధ్యలో కిటికీ అంత సినిమా కనిపిస్తుంది. టీవీ జూమ్‌తో పెద్దది చేసుకోవచ్చు గాని వివరం పెరగదు. మూడేసి సినిమాలను ఒకే డిస్కులో కుక్కిన చవక డీవీడీలైతే మరీ పేలవం. ఎక్కించడం వల్ల ఉన్నది నిలుస్తుందే తప్ప మెరుగుపడదు.

వీసీడీలు నన్ను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టాయి, అన్నిటికంటే ఎక్కువ తృప్తినీ ఇచ్చాయి. బొమ్మ 352కు 288 చుక్కలే. అయినా డీవీడీగా ఎన్నడూ రాని సినిమాలు కొన్ని నాకు వీసీడీలోనే దొరికాయి. ఇందులో తాళం ఉండదు. ఎంపెగ్‌ఏవీ ఫోల్డరులోని డీఏటీ (.DAT) ఫైలును కాపీ చేసుకుంటే చాలని అనుకున్నాను. సగం డిస్కులకు అది నిజమే. తక్కినవాటికి నలభైయో నిమిషం దగ్గర సైక్లిక్ రిడండెన్సీ చెక్ అనే మాటతో, అంటే డిస్కు సరిగా చదవలేదన్న హెచ్చరికతో, కాపీ ఆగిపోయేది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు, అంటే డిస్కును విభజించిన ఒక్కో చిన్న గడికి, 2048 బైట్లు సమాచారానికి పోగా, తప్పులు దిద్దుకోవడానికి అదనపు చోటు ఉంటుంది. వీసీడీలో ఎక్కువ సినిమా పట్టడం కోసం ఆ చోటును కూడా బొమ్మకే ఇచ్చి 2324 బైట్లు నింపుతారు. అందుకే గీరుకుపోయిన ఒకే రకం గీత డేటా సీడీ మీద పడితే డ్రైవు సర్దుకుంటుంది, వీసీడీ మీద పడితే తడబడుతుంది. ఇలాంటివాటికి ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేరు అక్కరకొచ్చింది. చదవలేని సెక్టార్లను మళ్లీ మళ్లీ ప్రయత్నించి, కుదరకపోతే వాటిని వదిలి ముందుకు సాగుతుంది. ఒక్కో సినిమా రెండు మూడు వీసీడీల మీద ఉంటుంది కనుక, తర్వాత ఆ భాగాలను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేరుతో ఒక్కటిగా కలిపాను.

డిస్కు శుభ్రం చేయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తుపానులో తడిసి బతికిన ఒక వీసీడీని దీపం కింద వంచి పట్టుకుంటే, అంచు నుంచి లోపలికి చెట్టు వేళ్లలా పాకిన తెల్లటి బూజు కనిపించింది. నా మొదటి ప్రయత్నంలో లుంగీ గుడ్డతో గుండ్రంగా రుద్ది దాన్ని ఇంకా పాడుచేశాను. సమాచారం డిస్కు మీద చుట్లుగా ఉంటుంది కనుక, గుండ్రంగా పడిన గీత ఒకే చుట్టు వెంట చాలా దూరం సాగి, దిద్దుకోలేనంత భాగాన్ని ఒకేసారి కప్పేస్తుంది. మధ్య నుంచి అంచుకు నిలువుగా పడిన గీత ఒక్కో చుట్టును కొంచెం తాకి పోతుంది. అప్పటి నుంచి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం వేసి, కళ్లజోడు తుడిచే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు మాత్రమే తుడుస్తున్నాను. చివరిగా ఆర్వో నీళ్లతో కడిగి నీడన ఆరబెడతాను. సీడీల పైవైపు, అంటే బొమ్మ అచ్చువేసిన వైపు, మరింత జాగ్రత్త అవసరం. మెరిసే పొర ఆ అచ్చు కిందే, పలుచని లక్క పూత చాటున ఉంటుంది. అక్కడ గోరు గీసుకుంటే ఆ భాగం పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది కనుక కొంత నయం. అయితే తేమకు ఆ రెండు పలకల మధ్య జిగురు అంచుల దగ్గర విడిపోవడం మా ఇంట్లోనే మూడు డిస్కుల్లో చూశాను.

ఎక్కించిన ఫైలును మొదటి నుంచి చివరిదాకా చూడకుండా పని అయిపోయిందనుకోకూడదని మా అమ్మ నేర్పింది. ఆవిడకు ఇష్టమైన ఒక పాత సాంఘిక చిత్రాన్ని ఎక్కించి, అక్కడక్కడ నొక్కి చూసి, బాగానే ఉందని పెట్టాను. పాట నడుస్తుండగా వంటింట్లోంచి అమ్మ, "ఏట్రా ఇది, రెండో చరణం మింగేసింది?" అంది. ఆవిడ తెర వైపు కూడా చూడలేదు. ఐసోబస్టర్ వదిలేసిన సెక్టార్లు సరిగ్గా ఆ చరణంలో ఉన్నాయి. డిస్కును మళ్లీ కడిగి, అన్నయ్య పాత డెస్క్‌టాప్‌లోని డ్రైవులో పెడితే చరణం మొత్తం వచ్చింది. ఒక డ్రైవు చదవనిది మరొకటి చదువుతుందన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే. ఇప్పుడు ప్రతి సినిమానూ అమ్మతో కలిసి పూర్తిగా చూశాకే పెట్టె మీద పచ్చ చుక్క అంటిస్తున్నాను.

2021 మే నెలలో ఒక సాయంత్రం హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టి, మర్నాటికి కంప్యూటరుకు కనబడడమే మానేసింది. కొని రెండేళ్లే అయింది. సమాచారం తిరిగి తీసే దుకాణంలో చెప్పిన ధర, కొత్త డిస్కు ధరకు ఎన్నో రెట్లు ఉంది. రెండో కాపీ లేని సినిమాలు అరవై దాకా పోయాయి. డిస్కులు ఉన్నాయి కదా అని మళ్లీ ఎక్కించబోతే, రెండేళ్ల కిందట చక్కగా చదివిన నాలుగు డిస్కులు ఈసారి చదవలేదు. వాటిలో ఒకటి మా నాన్నగారు తన చివరి సంక్రాంతికి జగదాంబ సెంటరులో కొన్నది. ఆ బాధ నన్ను ఇంకా వదల్లేదు. అప్పటి నుంచి రెండు హార్డ్ డిస్కులు వాడుతున్నాను. ఒకటి మా ఇంట్లో ఉంటుంది, మరొకటి ఉప్పుగాలికి దూరంగా గాజువాకలో అక్క ఇంట్లో ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి దాన్ని తెచ్చి కొత్తవి చేర్చి, పాత ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసి తిరిగి ఇస్తాను.

చూడడానికి పెద్ద ఏర్పాట్లేమీ చేయలేదు. హార్డ్ డిస్కును నేరుగా టీవీ యూఎస్‌బీకి తగిలిస్తాను. దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాటు చేస్తే 4 జీబీ మించిన ఫైలు పట్టదు కనుక ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకున్నాను. డీవీడీ సబ్‌టైటిళ్లు అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి. మా టీవీ వాటిని చూపించదు, కంప్యూటరులోని వీఎల్‌సీ ప్లేయరులో అయితే వస్తాయి. ఫైళ్లకు సినిమా పేరు, విడుదలైన ఏడాది తెలుగులో రాశాను. రిమోటుతో వెతుక్కోవడం ఇప్పుడు అమ్మకు కూడా వచ్చింది.

పచ్చ చుక్క పడని డిస్కులు ఇంకా తొమ్మిది ఉన్నాయి. పోయిన నెలలో ద్వారకానగర్‌లోని ఒక పాత సామాన్ల దుకాణంలో డెస్క్‌టాప్‌కు బిగించే డ్రైవు ఒకటి కొన్నాను. దానిలో రెండు చదివాయి. నాన్నగారి డిస్కు ఇరవై మూడో నిమిషం వరకు వచ్చి ఆగింది. ఆ ఇరవై మూడు నిమిషాలను రెండు హార్డ్ డిస్కుల్లోనూ పెట్టాను.