ఎరా5 వాన లెక్కలతో ఆరేళ్ళు: ముసురు ఎక్కువ, కుండపోత తక్కువ

అనంతపురం వైపు చెరువుల నీటి లెక్కలు కట్టడం నా పని. చెరువుకు ఎంత నీరు చేరుతుందో చెప్పాలంటే ముందు వాన ఎంత పడిందో తెలియాలి. తంటా అంతా అక్కడే. నాకు దొరికిన రెయిన్‌గేజ్ రికార్డుల్లో నెలలకు నెలలు ఖాళీలు. వాటిలో కొన్ని సున్నాలుగా కూడా ఎక్కించారు. దాంతో ఆరేళ్ళ కిందట ఎరా5 పట్టుకున్నాను. యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ తయారుచేసే రీఎనాలిసిస్ ఇది, అంటే పాత పరిశీలనలను కంప్యూటర్ మోడల్‌తో కలిపి గతంలోని వాతావరణాన్ని తిరిగి లెక్కగట్టడం. 1940 నుంచి గంట గంటకూ, సుమారు 31 కిలోమీటర్ల మేర ఒక్కో గడి చొప్పున, భూగోళమంతటికీ ఉచితంగా దొరుకుతుంది. ఖాళీ అనేదే ఉండదు. మొదట్లో నాకు నచ్చింది అదే, తర్వాత అనుమానం పుట్టించిందీ అదే.

మొదటి గ్రాఫు చూసి అనంతపురంలో వానే పడలేదనుకున్నాను. వాన మీటర్లలో ఉంటుందని చదవలేదు, 12 మి.మీ. వాన అందులో 0.012. వెయ్యితో గుణించాక ఇంకో చిక్కు. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రికార్డుతో పోలిస్తే ప్రతి పెద్ద వానా ఒక రోజు ముందే పడినట్టు కనిపించేది. మోడల్‌ను తిట్టుకుంటూ రెండు నెలలు గడిపాను. తప్పు నాదే. ఐఎండీ వాన రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది, ముగిసిన తేదీ మీదే రాస్తారు. 12వ తేదీ రాత్రి కురిసిన వాన రికార్డులో 13వ తేదీది. నేనేమో ఎరా5ను యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ ప్రకారం కూడుతున్నాను, అంటే 12 ఉదయం 5:30 నుంచి. మా వైపు వానలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి పడేవే కాబట్టి దాదాపు అన్నీ ఒక తేదీ వెనక్కి జరిగిపోయాయి. మన 8:30 అంటే 03 యూటీసీ, ఎరా5లో ఒక్కో విలువ అంతకు ముందు గంటలో పడిన వాన. అందుకని ముందు రోజు 04 యూటీసీ విలువ నుంచి ఆ రోజు 03 యూటీసీ విలువ దాకా, మొత్తం ఇరవై నాలుగు గంటలవి కూడాక సగం తేడాలు మాయమయ్యాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వేరే ఏమీ చేయకపోయినా ఇదొక్కటి సరిచూసుకోండి.

మిగిలిన సగం మాత్రం ఎరా5దే. మన రెయిన్‌గేజ్‌ల కొలతలు దాని లోపలికి వెళ్ళవు. ఉపగ్రహాలు, బెలూన్లు, భూమట్టపు పీడనం వంటివి తీసుకుని, వాతావరణ మోడల్ కొద్ది గంటల ముందుకు వేసే అంచనాయే అందులో మనం చూసే వాన. అల్పపీడనమో వాయుగుండమో వచ్చినప్పుడు ఆ అంచనా బాగుంటుంది. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటిలాంటి వానలు ఏ రోజు, ఏ దిక్కున అన్నది చూడటానికి దాన్ని నమ్ముతాను. ఉరుముల వాన దగ్గర చేతులెత్తేస్తుంది. అయిదారు కిలోమీటర్ల మేఘం 31 కిలోమీటర్ల గడిలో ఎక్కడ ఇముడుతుంది? మోడల్ ఆ వానను గడంతా పరిచి, గంటల కొద్దీ ముసురులా కురిపిస్తుంది. అదీ రాత్రి పడాల్సింది మధ్యాహ్నానికే మొదలుపెడుతుంది.

నెల మొత్తంలో ఇది అంతగా కనపడదు. వేరుశనగ చేనులో కనపడుతుంది. విత్తనం వేశాక ఎన్ని రోజులు చినుకు లేదన్నదే రైతు అడిగే ప్రశ్న. ఎరా5లో రోజూ అర మిల్లీమీటరో ఒకటో తుంపర ఉంటుంది కాబట్టి, సున్నా దాటితే వాన అనుకుంటే వానలేమి కనిపించనే కనిపించదు. ఐఎండీ లెక్కలో కనీసం 2.5 మి.మీ. పడితేనే వాన రోజు. ఆ గీత పెట్టాక కూడా ఎరా5 వాన రోజులు నా గేజ్‌ల కంటే ఎక్కువే వచ్చాయి. పదును ఉందని కంప్యూటర్ చెబుతుంటే, చేను బెట్టకొచ్చిందని మా పక్కింటి పెద్దాయన చెప్పేవాడు. ప్రతిసారీ ఆయనే గెలిచేవాడు.

ఎరా5-ల్యాండ్ 9 కిలోమీటర్లది కదా అని మారకండి. నేనూ ఒక ఏడాది మోసపోయాను. అందులో వాన కొత్తగా లెక్కించింది కాదు, ఎరా5 వాననే చిన్న గడుల్లోకి సర్దారు. నేల తేమకైతే పనికొస్తుంది.

గేజ్‌నూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 200 చదరపు సెంటీమీటర్ల మూతితో పట్టిన నీళ్ళను 700 చదరపు కిలోమీటర్లకు పైబడిన గడితో పోలుస్తున్నాం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. నమోదైంది, గడి సగటు ఆ అంకెను చేరాలని అడగడమే తప్పు. 1901 నుంచి ఉన్న ఐఎండీ పావు డిగ్రీ గ్రిడ్డూ (దేశాన్ని పావు డిగ్రీ గడులుగా విడదీసిన వాన పట్టిక) గేజ్‌ల మధ్య ఖాళీలను లెక్కగట్టి నింపిందే. దగ్గర్లో గేజ్ లేని చోట అదీ ఒక అంచనాయే.

ఇప్పుడు నా పద్ధతి ఇది. రోజువారీ వానకు ఐఎండీ గ్రిడ్, గేజ్ ఉంటే గేజ్. గంటల పంపిణీకి ఐమెర్గ్ అనే నాసా ఉపగ్రహ వాన లెక్క, అది అరగంటకోసారి ఇస్తుంది. ఎరా5 ముఖ్యంగా గాలి, ఉష్ణోగ్రత, ఆవిరి నష్టాలకు. వాన విషయంలో దాన్ని సీజన్ మొత్తానికీ, వాయుగుండం రోజులకూ తీస్తాను. ఉపగ్రహాలు లేని పాత దశాబ్దాల్లో వాన పెరిగిందా తగ్గిందా అని దాన్ని అడగను. పక్కింటి పెద్దాయన మాత్రం పోయిన ఏడు పెరట్లో ఒక ప్లాస్టిక్ గేజ్ పాతించుకున్నాడు. ఉదయం ఎనిమిదిన్నరకే చూడమని చెప్పాను. పాలు పిండాక చూస్తాడు.