సాత్‌తాల్ హైడ్‌లో పోసిన డబ్బులు, బండ మీద ఊరికే దొరికిన పిట్టలు

నవంబర్ చివర్లో పిట్టల్ని చూడ్డానికి ఉత్తరాఖండ్‌లోని సాత్‌తాల్ వెళ్లొచ్చాం, నేనూ మా బావమరిదీ. ఢిల్లీ నుంచి రాత్రి రైల్లో కాఠ్‌గోదామ్, అక్కడి నుంచి టాక్సీకి 1,500. దారంతా సాఫీగానే గడిచింది.

ఒళ్లు మండింది హోమ్‌స్టే దగ్గర. రూముకి రోజుకి 2,800, సరే అనుకున్నాం. పిట్టలకి కనబడకుండా కూర్చుని చూసే చాటుని హైడ్ అంటారు. "మా సొంత హైడ్ ఉంది సార్, మీరు కూర్చుంటే చాలు" అని ఓనర్ ఫోన్‌లో ఊరించి, మనిషికి రోజుకి 1,200 చొప్పున రెండు రోజులకీ ముందే వేయించుకున్నాడు. తీరా చూస్తే ఆకుపచ్చ గుడ్డ కట్టిన పందిరి, నలుగురు పట్టే చోట తొమ్మిది మంది, ముందు వరసంతా ఫిరంగుల్లాంటి లెన్సులు. ఎదురుగా ఓ ఎండుకొమ్మ పాతి దాని వెనక పళ్ల ముక్కలు దాచారు. బుల్‌బుల్స్, లాఫింగ్ త్రష్‌లు వచ్చాయి, కాదనను, కానీ పెళ్లి స్టేజీ మీద ఫొటోలకి నిలబెట్టినట్టుంది వాటి పరిస్థితి. పైగా ఒకాయన పిట్టల్ని రప్పించాలని ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పదేపదే వినిపిస్తుంటే, ఓనరే "అందరూ చేసేదే కదా" అని వెనకేసుకొచ్చాడు. మావాడు గంటకే లేచొచ్చేశాడు. గీజర్ సంగతి అడక్కండి.

మర్నాడు హైడ్ మానేసి, సరస్సు దాటి పైకి నడిచి ఓక్ చెట్ల కింద ఓ బండ మీద కూర్చున్నాం. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. చేతులు చంకల్లో పెట్టుకుని "ఇంకెంతసేపు బావా" అన్నాడు. అంతలో పైన సన్నటి కిచకిచలు, చెట్టంతా కదిలింది. బ్లాక్ త్రోటెడ్ టిట్‌లు, పదిహేను పైనే, ఆకుల చివర తలకిందులుగా వేలాడుతూ అడుగున ఉన్న పురుగులు ఏరుకుంటున్నాయి. చలి మొదలయ్యాక ఈ చిన్న పిట్టలు జాతి తేడా లేకుండా కలిసి తిరుగుతాయి, డేగ కనబడితే ఏదో ఒకటి కేక పెడుతుంది. ట్రీక్రీపర్ అనే పిట్ట చెట్టు మొదలు నుంచి పైకి పాకుతూ బెరడు సందులు వెతుకుతుంటే, నట్‌హాచ్ అనే ఇంకో పిట్ట అదే చెట్టు మీద తల కిందికి పెట్టి దిగొస్తోంది, కింది నుంచి వచ్చేదానికి కనబడని పురుగులు దీనికి కనబడతాయి. ఓ గ్రీన్ బ్యాక్డ్ టిట్ మా నెత్తిమీద కొమ్మపై గింజని కాలి కింద తొక్కిపట్టి టకటకా పొడిచింది, పెంకు ముక్క వచ్చి మావాడి బూటు మీద పడింది. ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు పాపం.

ఆరేడు నిమిషాల్లో గుంపు లోయలోకి జారిపోయింది. వెంటపడకండి, పొద్దున్నే ఎండ తగిలే వాలు చూసుకుని ముదురు రంగు బట్టల్లో కదలకుండా కూర్చోండి, ఇంకో గుంపు వస్తుంది. మాకు మధ్యాహ్నంలోపు మూడు వచ్చాయి. ఆ రోజు హైడ్‌కి కట్టిన 2,400 మాత్రం వెనక్కి రాలేదు.