ఇర్వింగ్‌లో పాత కార్ల లాట్: 5కి 2 స్టార్లు

మా తమ్ముడు డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ కారు లేకపోతే పాలు తెచ్చుకోవడం కూడా కష్టమే. పోయిన నెల ఒక శనివారం ఇద్దరం ఇర్వింగ్‌లో పాత కార్లు అమ్మే లాట్‌కి వెళ్లాం. వాడి కన్ను ఒక తెల్ల కరోలా మీద పడింది. 2014 మోడల్, 8,500 డాలర్లు, మీటర్ మీద 71,340 మైళ్లు.

ముందు మంచి చెప్తాను. సేల్స్ అతను మర్యాదస్తుడు. అడగ్గానే తాళం ఇచ్చాడు, మేమే హైవే ఎక్కించి చూసుకున్నాం. ఏసీ బ్రహ్మాండం. కిటికీకి బయ్యర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే కాగితం) అంటించి, 'యాజ్ ఈజ్' గడిలో టిక్కు పెట్టారు, అంటే తర్వాత రిపేర్లన్నీ మనవే అని ముందే చెప్పేశారు. రెండు స్టార్లు అందుకే.

తేడా కాగితాల దగ్గర వచ్చింది. సంతకాల కట్టలో ఓడోమీటర్ డిస్‌క్లోజర్ ఫారం ఉంది, అంటే కారు ఎన్ని మైళ్లు తిరిగిందో అమ్మేవాళ్లు రాసిచ్చే కాగితం. మైళ్లు వేయాల్సిన గడిలో అంకె లేదు, 'ఎగ్జెంప్ట్' (మినహాయింపు) అని రాసుంది. తమ్ముడు పెన్ను పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇదేంటని అడిగితే, పదేళ్లు దాటిన కారుకి మైళ్లు రాసివ్వక్కర్లేదు అన్నాడు.

అది పాత రూలు. పదేళ్ల లెక్క 2010 మోడల్ దాకానే. 2011 మోడల్ నుంచి ఇరవై ఏళ్లు రాసివ్వాల్సిందేనని 2021 జనవరి 1 నుంచి ఫెడరల్ రూలు మారింది. అంటే ఈ కరోలాకి 2034 వచ్చేదాకా మినహాయింపు లేదు. రోజూ కార్లు అమ్ముకునేవాళ్లకి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

అనుమానం వచ్చి మళ్లీ కారు దగ్గరికి వెళ్లి తలుపు తీసి వంగి చూశాను. బ్రేక్ పెడల్ రబ్బరు కింది మూల అరిగిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. డ్రైవర్ సీటు ఎడమ అంచున కుట్లు ఊడి దారాలు లేచాయి. మా ఇంట్లో లక్షా పదివేల మైళ్లు తిరిగిన కరోలా ఉంది, దాని పెడల్ మీద గీతలు ఇంకా చెక్కుచెదరలేదు. అక్కడే నిలబడి ఫోన్లో డబ్బు కట్టి కార్‌ఫ్యాక్స్, అంటే ఆ కారు పాత చరిత్ర రిపోర్టు, తీశాను. 2022 ఇన్‌స్పెక్షన్‌లోనే 1,18,902 మైళ్లు అని ఉంది.

చూపిస్తే, ఆక్షన్‌లో మాకిలాగే వచ్చిందన్నాడు. మీటర్ ఎవరు తిప్పారన్నది కాదు నా బాధ. అందులో కనిపించే అంకె నిజం కాదని తెలిశాక ఆ మాట రాసివ్వాలి, దానికోసమే ఫారంలో వేరే గడి ఉంది. మోసం చేసే ఉద్దేశంతో దాచారని కోర్టులో తేలితే కొన్నవాళ్లకి నష్టానికి మూడింతలు, లేదా 10,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది కట్టాలి. కేసు మాత్రం రెండేళ్లలో వేయాలి. తప్పుడు మైళ్లతో ఏటా నాలుగున్నర లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోతున్నాయని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అంచనా. వాటిలో మన ఎమ్మెస్ పిల్లలు కొన్నవి ఎన్నో! ఊళ్లో పొలం మీద అప్పు తెచ్చి నాన్నలు పంపిన డబ్బు అది. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అడ్వాన్సు 500 వెనక్కి అడిగితే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఇచ్చారు.

రెండు వారాల తర్వాత గార్లాండ్‌లో ఇంకోచోట 2013 సివిక్ తీసుకున్నాం. అక్కడామె ఫారం పట్టుకుని బయటికొచ్చి, తమ్ముణ్ణి కార్లో కూర్చోబెట్టి, నువ్వే చదువు అంది. వాడు ఒక్కో అంకె చదువుతుంటే ఆమె రాసింది: 1,04,617. 'అసలు మైళ్లు' గడిలో టిక్కు పెట్టి తను సంతకం చేశాకే వాడి చేత చేయించింది. కాపీ తీసి వాడి చేతిలో పెట్టింది.