సీటెక్ చార్జరు, బట్ట కవరు, స్టా-బిల్: హీటింగ్ లేని గరాజ్‌లో నా మస్టాంగ్‌ని ఆరు చలికాలాలు దాటించిన సామాను

మాది మిషిగన్‌లో లివోనియా. పాత ఇల్లు, గరాజ్ ఇంటికి ఆనుకుని ఉండదు, వెనకాల విడిగా ఉంటుంది, దానికి హీటింగ్ లేదు, గోడల్లో ఇన్సులేషన్ కూడా లేదు, జనవరిలో బయట ఎంత చలో లోపలా అంతే, గాలి ఒక్కటే తగలదు. నా 2018 మస్టాంగ్ జీటీ నవంబర్ మొదటి వారం నుంచి ఏప్రిల్ మధ్య దాకా అందులోనే ఉంటుంది. ఈ బండి మా ఇంటికి అరగంట దూరంలో ఫ్లాట్ రాక్ ప్లాంట్‌లో తయారైంది, ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద జరిగే డ్రీమ్ క్రూజ్ అనే కార్ల ఊరేగింపుకి తీసుకెళ్తే పిల్లలు వెనక సీట్లోంచి దిగరు, అలాంటి బండిని ఉప్పు రోడ్ల మీద తిప్పడానికి నాకు మనసొప్పదు. ఇక్కడ ఉప్పు ఎక్కడినుంచో తేవక్కర్లేదు కూడా, డెట్రాయిట్ ఊరి కిందే 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, మంచు పడిందంటే అది కరగడానికి రోడ్ల మీద లారీలకి లారీలు చల్లేస్తారు, దానికి బండి తుప్పు పడుతుంది.

ఈమధ్య మనవాళ్ళు చాలామంది కొర్వెట్‌లూ మస్టాంగ్‌లూ కొంటున్నారు, అక్టోబర్ రాగానే ఏం కొనాలి, ఏం చెయ్యాలి అని వాట్సాప్‌లో అడుగుతుంటారు, అందుకే ఒకేచోట రాస్తున్నా. అన్నీ కొనే ఉద్దేశం లేకపోతే, ఒక్కటే కొంటాను అంటే, మంచి బ్యాటరీ చార్జర్ కొనండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మొదటి చలికాలం, అంటే 2018-19, నా దగ్గర చార్జర్ లేదు. ప్రతి ఆదివారం వెళ్ళి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచేవాణ్ణి, మన దగ్గర అందరూ చేసేది అదే కదా. జనవరి చివర్లో పోలార్ వోర్టెక్స్, అంటే ధ్రువం వైపు నుంచి దిగే భయంకరమైన చలి వచ్చింది, మైనస్ 20 సెల్సియస్ కంటే కిందికి పోయింది, రెండు వారాలు గరాజ్ వైపే వెళ్ళలేదు. ఆ తర్వాత వెళ్ళి చూస్తే తాళం రిమోట్‌కి కూడా పలకలేదు, బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కలు పొట్ట ఉబ్బినట్టు ఉబ్బి ఉన్నాయి. లోపల గడ్డకట్టింది. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు, కానీ ఖాళీ అయిపోయిన బ్యాటరీలో ఆసిడ్ పల్చబడి నీళ్ళలాగా అయిపోతుంది, అది మైనస్ 7 దగ్గరే గడ్డకట్టొచ్చు. అంటే చలి ఒక్కటే చంపలేదు, చార్జ్ లేకపోవడం వల్ల చలికి దొరికిపోయింది.

చార్జ్ ఎలా పోయింది అంటే లెక్క చాలా సులువు. బండి ఆపేసినా అలారం, రిమోట్ రిసీవరు, కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి, 50 మిల్లీఆంపులు అనుకోండి, రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో చార్జ్ కొలిచే లెక్క), నెలకి 36. బ్యాటరీ మొత్తమే 60, 70 ఉంటుంది, నెలలో సగం పోయినట్టే. పది నిమిషాలు ఆ చలిలో నిలబెట్టి నడిపితే స్టార్టర్ లాగేసింది, హీటెడ్ సీట్లు లాగేసింది, అదే సరిగ్గా తిరిగి రాదు. పైగా లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా వస్తాయి, ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే ఆ నీళ్ళు కొన్ని సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ ఉండిపోతాయి. అంటే బాగు చేస్తున్నాననుకుంటూ ప్రతి ఆదివారం తుప్పు పోస్తున్నానన్నమాట. ఇది తెలిశాక చాలా బాధేసింది.

2019 నవంబర్‌లో సీటెక్ ఎంయూఎస్ 4.3 అనే చార్జర్ కొన్నా. స్వీడన్ కంపెనీ, చలి అంటే ఏంటో వాళ్ళకి తెలుసు అనే నమ్మకం ఒకటి. అప్పట్లో 80 డాలర్లు దాకా పెట్టా, ఇంతకంటే సగం ధరకి వేరేవి దొరుకుతాయి, చిన్న బండికి అవి కూడా సరిపోతాయేమో, కానీ నాకు దీంట్లో రెండు విషయాలు నచ్చాయి. ఒకటి స్నోఫ్లేక్ బొమ్మ ఉన్న మోడ్, 5 సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు మామూలు 14.4 వోల్టులు చాలవు, ఈ మోడ్‌లో 14.7 ఇస్తుంది, ఏజీఎం అనే సీలు వేసిన రకం బ్యాటరీలకీ ఇదే మోడ్. హీటింగ్ లేని గరాజ్ అయితే ఈ మోడ్ కోసమే కొనొచ్చు. రెండోది, నిండిన తర్వాత పోస్తూనే ఉండదు, 13.6 దగ్గర పది రోజులు పట్టి ఉంచుతుంది, ఆ తర్వాత ఊరికే గమనిస్తూ, తగ్గినప్పుడు మాత్రం కాస్త కాస్త అందిస్తుంది. నీళ్ళ ట్యాంకు నిండాక మోటార్ దానంతట అదే ఆగిపోయినట్టు. నవంబర్‌లో తగిలించి ఏప్రిల్‌లో తీస్తా, మధ్యలో ముట్టుకోను. అప్పుడు మార్చిన బ్యాటరీయే ఇప్పటికీ నడుస్తోంది.

దీంతోపాటు చిన్న వైరు ఒకటి వస్తుంది, రెండు రింగులు ఉంటాయి, వాటిని బ్యాటరీ బోల్టులకి శాశ్వతంగా బిగించేస్తే ప్రతిసారీ క్లిప్పులు పెట్టక్కర్లేదు, ప్లగ్ కలిపితే చాలు. మస్టాంగ్‌లో బ్యాటరీ ప్యాసింజర్ వైపు అద్దం కింద లోపలికి ఉంటుంది, ఆ చలిలో వేళ్ళు కొంకర్లు పోతుండగా క్లిప్పులు పెట్టడం చాలా కష్టం, అందుకని అక్టోబర్ ఎండలోనే బిగించుకోండి.

ఒక్క జాగ్రత్త. చార్జర్ ఎంత మంచిదైనా గోడ ప్లగ్‌లో కరెంటు లేకపోతే దండగ. మా గరాజ్ ప్లగ్ జీఎఫ్‌సీఐ రకం, అంటే షాక్ కొట్టకుండా కరెంటు దానంతట అదే ఆపేసే ప్లగ్, తేమకి ఒక్కోసారి ట్రిప్ అయిపోతుంది, మనకి తెలీదు. అందుకని అదే ప్లగ్ బోర్డులో ఒక జీరో బల్బు పెట్టా, గరాజ్ కిటికీలోంచి దాని వెలుగు మా వంటింట్లోకి కనిపిస్తుంది. రెండు సార్లు మా ఆవిడే పొద్దున్న కాఫీ పెడుతూ చూసి, ఏమండీ మీ బల్బు వెలగట్లేదు అని చెప్పింది, వెళ్ళి బటన్ నొక్కి వచ్చా. మూడు డాలర్ల బల్బు, చార్జర్‌కి ఎంత విలువ ఇస్తానో దీనికీ అంతే ఇస్తా. ఇంకోటి, రిమోట్ తాళం గరాజ్ గోడకి తగిలించకండి, దగ్గర్లో ఉంటే బండి కంప్యూటర్లు నిద్ర లేస్తూనే ఉంటాయి.

ఇక స్టా-బిల్ గురించి, అంటే నిలవున్న పెట్రోల్ పాడవకుండా ట్యాంకులో కలిపే మందు. ఎర్ర సీసా, ఒక ఔన్సు రెండున్నర గాలన్లకి, నా ట్యాంకు 16 గాలన్లు కాబట్టి ఆరున్నర ఔన్సులు దాకా పోస్తా. ఇక్కడ బంకుల్లో పెట్రోల్‌లో పది శాతం ఎథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమని లాక్కుంటుంది, ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ సగంలో ఉన్న తేమ గాలే దానికి దొరుకుతుంది. అందుకని ముందు స్టా-బిల్ పోసి, తర్వాత ట్యాంకు నిండా పట్టించి, కనీసం పది నిమిషాలు నడిపి ఇంటికి రావాలి, లేకపోతే మందు ట్యాంకులోనే ఉంటుంది, ఇంజెక్టర్ల దాకా వెళ్ళదు. ఆ తిరిగొచ్చిన వేడి ఇంజన్‌తోనే ఆయిల్ మార్చేస్తా. ఈ వీ8కి 10 క్వార్ట్‌లు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు పడుతుంది, ఖర్చే, మొదట్లో వసంతంలో మార్చొచ్చులే అనుకునేవాణ్ణి. కానీ వేసవంతా మండిన మసి, ఆసిడ్, నీళ్ళు అన్నీ ఆ పాత ఆయిల్‌లో ఉంటాయి, ఐదు నెలలు బేరింగులు దాంట్లో నానడం నాకిష్టం లేదు. కూలెంట్ సగం సగం కలిపిందే ఉందో లేదో చూసుకోండి, అద్దం కడిగే నీళ్ళ డబ్బాలో వేసవి రకం ఉంటే తీసేసి చలికాలం రకం పోయండి, అంతే.

టైర్ల సంగతి మాత్రం చాలామందికి తెలీదు, తెలుసుకోవాలి. నా బండికి తీసుకున్న పర్ఫార్మెన్స్ ప్యాక్ అనే అదనపు ప్యాకేజీతో మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ వచ్చాయి, వేసవి టైర్లు, వేసవిలో వాటి పట్టు అద్భుతం. కానీ మిషెలిన్ వాళ్ళే చెప్తారు, మైనస్ 7 సెల్సియస్ కంటే చల్లబడిన టైరుని వెంటనే కదపొద్దు, 5 డిగ్రీల పైన కనీసం 24 గంటలు ఉండనివ్వాలి అని. చలికి ఆ రబ్బరు గాజులాగా బిరుసుగా అయిపోతుంది, అప్పుడు బరువుతో వంగితే పగుళ్ళు వస్తాయి. అంటే జనవరిలో ఎండ బాగుంది కదా అని డ్రైవ్‌వేలో రెండడుగులు ముందుకి వెనక్కి తీయడం కూడా తప్పే. ఒకేచోట నిలబడితే టైరు కింద చదునుగా అవుతుందని భయపడి కదుపుతుంటారు, దానికి బదులు పెట్టేముందే గాలి ఎక్కువ కొట్టించండి, పక్కన అచ్చేసిన గరిష్ఠం దాటకుండా. చలికి ప్రతి 10 ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) దాకా ఎలాగూ తగ్గుతుంది. హ్యాండ్ బ్రేక్ వెయ్యకండి, ప్యాడ్లు డిస్కులకి అంటుకుపోతాయి, గేర్లో పెట్టి చక్రాల కింద చెక్కలు పెట్టండి.

కవర్ల దగ్గర నేను డబ్బులు పోగొట్టుకున్నా. మొదటిది ఆన్‌లైన్‌లో వాటర్‌ప్రూఫ్ అని కొన్నా, కంపెనీ పేరు వద్దు. గరాజ్ లోపల వాన పడదు కదా, నీళ్ళు రాకుండా ఎందుకు అని అప్పుడు ఆలోచించలేదు. మార్చిలో ఒకరోజు ఉన్నట్టుండి వెచ్చబడుతుంది, బండి ఇనుమేమో ఇంకా గడ్డలాగే ఉంటుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద చెమట పట్టినట్టు బండంతా చెమట పడుతుంది, ఆ ప్లాస్టిక్ కవరు దాన్ని బయటికి పోనివ్వలేదు. కవరు ఎత్తితే లోపల వాన కురిసినట్టు చుక్కలు, బ్రేక్ డిస్కులు ఎర్రగా, తలుపు తీస్తే తోలు సీట్ల మీద బూజు వాసన. ఇప్పుడు మెత్తటి బట్ట కవరు వాడుతున్నా, గాలి ఆడుతుంది, దుమ్ము ఆపుతుంది, అంతకంటే అక్కర్లేదు. సిమెంట్ నేలలోంచి కూడా తేమ వస్తుంది, అందుకని బండి కింద మందపాటి పాలిథీన్ షీట్ పరిచా, ఆ తర్వాత డిస్కుల మీద తుప్పు బాగా తగ్గింది.

ఇక ఎలుకలు. రెండో ఏడాది ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే బానెట్ లోపలి దూది పీకి చక్కగా గూడు కట్టింది, పక్కన ఓక్ చెట్టు కాయల తొక్కలు. వాసన వచ్చే ఆకులు, బట్టల డ్రయర్‌లో వేసే కాగితాలు, చప్పుడు చేసే మెషిన్లు అన్నీ ప్రయత్నించా, నాకు ఒక్కటీ పనిచెయ్యలేదు. సైలెన్సర్ గొట్టాల్లో, గాలి లోపలికెళ్ళే దారిలో రాగి పీచు కుక్కడం, గోడ వెంట వేరుశనగ వెన్న రాసిన బోన్లు పెట్టడం, ఈ రెండే పనిచేశాయి. కానీ కుక్కింది తీయకుండా స్టార్ట్ చేస్తే ప్రమాదం, అందుకని ఎక్కడెక్కడ కుక్కానో కాగితం మీద రాసి స్టీరింగ్‌కి కట్టేస్తా.

2022 డిసెంబర్‌లో నాన్న తెనాలి నుంచి వచ్చారు. లాక్‌డౌన్‌లో ఆయన రోజు విడిచి రోజు వాకిట్లో కారు స్టార్ట్ చేసి, వీధిలో అందరి బ్యాటరీలు పోయినా ఆయనది పోకుండా కాపాడుకున్నారు, అందుకని ఇక్కడ కవరు కప్పిన బండి చూసి తట్టుకోలేకపోయారు. ఒరేయ్, వాహనాన్ని ఇన్ని నెలలు పలకరించకుండా ఉంచుతారా, ఒక్కసారి స్టార్ట్ చెయ్యి అని రోజూ అడిగేవారు. ఆయన చెప్పింది మా ఊళ్ళో చాలావరకు కరెక్టే, అక్కడ వేడికి ఇంజన్ ఇక్కడికంటే తొందరగా వేడెక్కుతుంది. చార్జర్ మీద ఆకుపచ్చ లైటు చూపించి, మీటర్ పెట్టి 13 వోల్టుల పైన ఉందని చూపించా. మీటరు ఆయనే పట్టుకుని రెండు సార్లు చూశారు. మర్నాటి నుంచి పొద్దున్నే కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడి బల్బు వెలుగుతోందో లేదో చూసే పని ఆయన తీసుకున్నారు.

నేను బండి బయటికి తీసేది ఏప్రిల్‌లో, రెండు పెద్ద వానలు పడి రోడ్డు మీద ఉప్పు కొట్టుకుపోయాకే. అప్పటికి రాత్రిళ్ళు కూడా 5 డిగ్రీల పైనే ఉండాలి, టైర్ల కోసం. స్టీరింగ్ మీది కాగితం చదివి పీచు అంతా తీసి, చార్జర్ విప్పి, గాలి మామూలు స్థాయికి తగ్గించి అప్పుడు స్టార్ట్ బటన్. ఆరేళ్ళుగా ప్రతిసారీ ఒక్క నొక్కుకే లేచింది. చార్జర్‌కి ఐదుకి ఐదు, స్టా-బిల్‌కి నాలుగు, బట్ట కవరుకి నాలుగు. కొనేవాళ్ళు అక్టోబర్ లోపే కొనండి, మంచు మొదలయ్యాక బ్యాటరీకి ఆ రింగుల వైరు బిగించాలంటే చేతులు నిలవవు.