పాత కారుకి ఫ్యూయల్ పంప్ రిలే కొంటున్నారా? ముందు ఇది చదవండి

కె-జెట్రానిక్ ఇంజెక్షన్ (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే బాష్ కంపెనీ పాత పద్ధతి) ఉన్న పాత కార్లు వాడేవాళ్ల కోసం రాస్తున్నాను. ఫ్యూయల్ పంప్ రిలే, అంటే పెట్రోలు పంప్‌కి కరెంటు ఇచ్చే స్విచ్చు, పేరుతో నాకు అంటగట్టిన సరుకు బయటికి అచ్చం అసలుదే. అదే డబ్బా, అవే పిన్నులు, పైన అదే నంబరు. లోపల మాత్రం ప్రాణాలు కాపాడాల్సిన భాగమే లేదు.

నా బండి చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది. అరగంట, నలభై నిమిషాలు నడిచాక జర్కులిచ్చి ఆగిపోయేది. కాసేపు బానెట్ ఎత్తి ఉంచితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్. విడిభాగాలు అమ్మే ఆయనకి ఫోన్ చేస్తే పూర్తిగా వినకుండానే "పంప్ పోయిందండీ, మార్చేయండి" అన్నాడు. మార్చాను. నాలుగో రోజు మళ్లీ అదే తంతు, ఈసారి పిల్లలతో సహా రోడ్డు మధ్యలో. పంప్ వాపసు తీసుకోమంటే "బిగించాక ఎలక్ట్రికల్ సామాను వెనక్కి తీసుకోమండీ" అని, రిలే కొనిపించాడు. పాతదానికంటే గట్టిదట, ఇక ఆగే సమస్యే ఉండదట.

నిజంగానే ఆగలేదు. రెండు వారాలు హాయిగా తిరిగాను. ఒకరోజు క్లచ్ తొందరగా వదలడంతో ఇంజన్ ఆఫ్ అయింది. తాళం ఆన్‌లోనే ఉంది. వెనక చక్రాల దగ్గర పంప్ మాత్రం గుయ్‌మని తిరుగుతూనే ఉంది. నాకు గుండె జారిపోయింది.

ఎందుకంటే ఈ కార్లలో పెట్రోలు 5 బార్ల చుట్టుపక్కల, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఐదింతల ఒత్తిడితో పైపుల్లో ఉంటుంది. ఇంజన్ తిరుగుతూ ఇగ్నిషన్ నుంచి పల్సులు (చిన్న చిన్న కరెంటు సంకేతాలు) వస్తున్నంతసేపే పంప్‌కి కరెంటు ఇచ్చేలా రిలేలో చిన్న సర్క్యూట్ పెట్టారు. ఇంజన్ ఆగితే ఒకటి రెండు సెకన్లలో పంప్ ఆగిపోవాలి. యాక్సిడెంట్‌లో పైపు తెగి, డ్రైవర్ స్పృహలో లేకపోతే తాళం తిప్పేదెవరు? ఆ సర్క్యూట్ లేని రిలే ఉంటే వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి ఆ డబ్బా ఊడదీశాను. ఒక కాయిల్, ఒక జత కాంటాక్టులు, అంతే. పల్సు రావాల్సిన పిన్ను లోపల దేనికీ కలపలేదు. పాత రిలే కూడా విప్పి భూతద్దంతో చూస్తే, లావుపాటి పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత నల్లటి గీత, గుండ్రంగా. వేడికి ఆ పగులు విచ్చుకునేది, చల్లబడితే అతుక్కునేది. ఇన్నాళ్ల నా టెన్షన్ అంతా ఆ గీతే.

నమ్మకం కుదరక పాత రిలే అలాగే పెట్టి, ఇంజన్ వేడెక్కి తడబడే సమయానికి మల్టీమీటర్ పట్టుకున్నాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంప్ టెర్మినళ్ల మధ్య 9.6. అంటే 4.2 వోల్టులు దారిలోనే పోతున్నాయి. రిలే 30, 87 పిన్నుల (కరెంటు లోపలికొచ్చేది, పంప్ వైపు వెళ్లేది) మధ్యే 2.7. ఫ్యూజు రెండు చివర్ల మధ్య 0.9, ఎర్త్ వైపు 0.2, మిగతాది వైర్లలో. ఫ్యూజు కాలిపోలేదు. అది కోసు చివర్లుండే పాత రకం, ఆ చివర్లు కిలుము పట్టాయి. వాటిని శుభ్రం చేసి, రిలేకి కొత్త సోల్డర్ వేస్తే పంప్ దగ్గర 13.2 వచ్చింది. తీసేసిన పాత పంప్ మళ్లీ బిగించాను, శుభ్రంగా పనిచేస్తోంది. కొత్తది మూల పడి ఉంది.

దయచేసి ఈ కొలతలు తీసుకోకుండా పంప్ కొనకండి. కొలిచేటప్పుడు పంప్ తిరుగుతూ ఉండాలి. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది, లోడ్ పడగానే, అంటే పంప్ కరెంటు లాగగానే కుప్పకూలుతుంది. పంప్ తిరగనే తిరగకపోతే దాని స్థానంలో లోడ్‌గా 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి కొలవండి, కానీ పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం అక్కడ ఏ వైరూ ముట్టుకోవద్దు.

రిలే ఈమధ్య మార్చినవాళ్లు ఈరోజే చూసుకోండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి వినండి. ఒకటి రెండు సెకన్లు తిరిగి ఆగినా, అసలు తిరగకపోయినా ఫర్వాలేదు. ఆగకుండా తిరుగుతుంటే ఆ రిలే తీసేయండి. (పాత బ్రిటిష్ కార్లలోని ఎస్‌యూ కంపెనీ పెట్రోలు పంపుల సంగతి వేరు. తాళం తిప్పగానే టిక్ టిక్‌మనడం వాటి పద్ధతి.)

అమ్మినాయనకి ఫోటోలు పంపాను. "ఇప్పటిదాకా ఎవరూ కంప్లయింట్ చేయలేదండీ" అన్నాడు, ఇంకా అమ్ముతూనే ఉన్నాడు. నా దగ్గరున్న దాన్ని పారేస్తే ఎవరైనా ఏరుకుని బిగిస్తారేమోనని పిన్నులన్నీ కత్తిరించేశాను.