ట్రేడర్స్ లిటిల్ హెల్పర్: ఫైలు గుట్టు చెబుతుంది, టేపు గుట్టు చెప్పదు

ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ అనధికార లైవ్ రికార్డింగులు పోగేసేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ట్రేడర్స్ లిటిల్ హెల్పర్ అనే ఈ ప్రోగ్రాం అవసరం పడుతుంది. ఉచితమే గానీ విండోస్‌కు మాత్రమే. మ్యాక్ ఉన్నవాళ్లు ఇలాంటి పనే చేసే ఎక్స్‌యాక్ట్ చూసుకోవాలి. పాతకాలపు సర్కారు దరఖాస్తులా కనిపించినా పని చకచకా చేస్తుంది.

ముఖ్యమైన పని ఫింగర్‌ప్రింట్లు, అంటే ఫైలు మారిందో లేదో చెప్పే లెక్కలు, సరిచూడటం. ఫోల్డర్‌తో వచ్చిన ఎఫ్‌ఎఫ్‌పీ ఫైలు ఇస్తే, ఒక్కో ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఆడియో) ట్రాకునూ పోల్చి తేడా ఉన్నవి చూపిస్తుంది. ఎఫ్‌ఎఫ్‌పీ అంటే లోపలి ధ్వనికి మాత్రమే కట్టిన లెక్క, ఎండీ5 మొత్తం ఫైలుకు కట్టినది. అందుకే ట్యాగులో పాట పేరు దిద్దినా ఎండీ5 తప్పుతుంది, ఎఫ్‌ఎఫ్‌పీ మారదు. ఎండీ5 ఫెయిలైందని కంగారుపడి మొత్తం మళ్లీ దించుకునే ముందు ఎఫ్‌ఎఫ్‌పీ చూడండి.

రెండోది సెక్టార్ హద్దుల తనిఖీ. ఆడియో సీడీలో ఒక సెక్టారంటే 588 శాంపిళ్లు (ధ్వని కొలతలు), అంటే సెకనులో 75వ వంతు. ట్రాకు సరిగ్గా ఆ హద్దు దగ్గర తెగకపోతే, బర్న్ చేసేటప్పుడు మిగిలిన చోటు నిశ్శబ్దంతో నిండుతుంది. పాటకూ పాటకూ మధ్య చప్పట్లలో ‘టిక్’మని వినిపించేది అదే. ప్రోగ్రాం దీన్ని పట్టుకుంటుంది, సరిచేస్తుంది కూడా. కాకపోతే కొన్ని శాంపిళ్లు పక్క ట్రాకులోకి జరిగి ఫింగర్‌ప్రింట్లు మారిపోతాయి. కాబట్టి కాపీ తీసి దానిమీదే సరిచేసుకోండి, ఆ కాపీని ఎవరికీ పంచొద్దు. సీడీలు కొట్టని వాళ్లకు ఈ తలనొప్పే లేదు.

ఇక అసలు చిక్కు. నాణ్యత తగ్గిన ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ఎఫ్‌ఎఫ్‌పీ తయారుచేసి పంచినా, ఫింగర్‌ప్రింట్ల తనిఖీలో అన్నీ సరిపోయాయనే వస్తుంది. అది పట్టుకోవాలంటే స్పెక్ అనే ప్రోగ్రాంలో స్పెక్ట్రం (ధ్వని ఏ పౌనఃపున్యం దాకా ఉందో చూపే బొమ్మ) చూడాలి. 128 కేబీపీఎస్ ఎంపీ3 సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. అయితే కొత్తవాళ్లు ఇక్కడే తొందరపడతారు: ఎఫ్‌ఎం ప్రసారం కూడా దాదాపు 15 దగ్గరే ఆగుతుంది. 19 దగ్గర సన్నని అడ్డగీత కనిపిస్తే అది ఎఫ్‌ఎం స్టీరియో ప్రసారంతో పాటు పంపే పైలట్ టోను. రేడియో నుంచి ఎక్కించిన టేపే అనడానికి మంచి ఆధారం, పారేయకండి.

టేపు వేగం గురించీ ఈ ప్రోగ్రాం ఏమీ చెప్పదు. ఐరోపాలో కరెంటు 50 హెర్ట్జ్. ఆంప్‌ల హమ్ (కరెంటు వల్ల వచ్చే సన్నని మోత) టేపులో పడివుంటే, పాటల మధ్య నిశ్శబ్దంగా ఉన్న భాగాన్ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రంలో సైజు 65536 పెట్టండి. హమ్ 51.5 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా తిరుగుతోంది, అంటే శ్రుతి దాదాపు అర సెమిటోను (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో సగం) హెచ్చు. గిటారు వాయించేవాళ్ల చెవికి అది వెంటనే తెలిసిపోతుంది.

తేదీలు చెవితోనే తేల్చుకోవాలి. రోరీ బ్యాండులో పియానో వాయించిన లూ మార్టిన్ 1978లో వెళ్లిపోయాక బ్యాండు ముగ్గురితోనే సాగింది. 1979 అని రాసిన టేపులో పియానో మోగుతుంటే ఆ లేబుల్‌ను నమ్మొద్దు. 1974 జనవరి ఐర్లండ్ షోలు మాత్రం 2014లో ఎనిమిది డిస్కుల పెట్టెగా అధికారికంగా వచ్చేశాయి. ఆ రాత్రుల పాత కాపీలు మార్పిడికి పెట్టకండి, పెట్టె కొనుక్కోవడమే మర్యాద.